ముందు గాటు, తర్వాతే రాడ్

ఇంట్లో దొంగలు పడ్డ కేసుల్లో మా కోర్టుకొచ్చే ఛార్జిషీటు ఏది తెరిచినా కథ ఇంచుమించు ఒకటే. రాత్రిపూట తలుపు పెళ్లగించారు, బీరువా తెరిచారు, బంగారం పోయింది. కొన్ని వారాల తర్వాత వాహనాల తనిఖీలో ఒకతను పోలీసులను చూసి పారిపోబోయాడు. పట్టుకుని అడిగితే నేరం ఒప్పుకున్నాడు. సాక్షులుగా పిలిచిన మధ్యవర్తుల ఎదుట దారి చూపించి, ముళ్లపొదల్లో దాచిన ఇనప రాడ్ తీసిచ్చాడు. దానికి చీటీ కట్టి, సీలు వేసి, కోర్టులో మెటీరియల్ ఆబ్జెక్టుగా, అంటే వస్తురూప సాక్ష్యంగా పెట్టారు.

ఆ రాడ్‌తోనే ఆ తలుపు పెళ్లగించారని ఎలా తెలుసు? ఛార్జిషీటంతా వెతికినా జవాబు దొరకదు. నిందితుడు చెప్పాడు కాబట్టి తెలుసు, అంతే. ఆ రాడ్ చూస్తే ఇల్లు కడుతున్న ఏ స్థలంలోనైనా నాలుగు దొరికే రకం.

క్రిమినల్ కేసులు చూసే లాయర్‌గా ఈ విషయంలో నాకో గట్టి అభిప్రాయం ఉంది. తలుపు మీద పడ్డ గాటు ఎలా ఉందన్నది, రాడ్ దొరకక ముందే తేదీతో సహా కాగితం మీదికి, ఫొటోలోకి, గాటులో పేస్టు నింపి తీసే అచ్చులోకి ఎక్కాలి. అలా ఎక్కని కేసులో ఆ తర్వాత దొరికిన రాడ్‌కి సాక్ష్యంగా పెద్ద విలువ ఇవ్వకూడదు. దొంగలకు సాయం చేసే వాదన ఇదని కొందరు అంటారు. ఈ వరస పాటిస్తే అసలు దొంగలు ఇప్పటికంటే ఎక్కువమందే దొరుకుతారని నా నమ్మకం. ఎందుకో చెప్తాను.

పనిముట్టు వదిలే గుర్తులు ముఖ్యంగా రెండు రకాలు. మొనను సందులో దూర్చి గట్టిగా ఎత్తినప్పుడు దాని ఆకారం చెక్కలో దిగబడుతుంది. అది నొక్కు. అంచు జారి ఇనుము మీదో రంగు మీదో ఒరుసుకుపోతే సన్నటి గీతలు పక్కపక్కనే పడతాయి. అవి గీట్లు. కట్టర్‌తో తెంచిన గొలుసు కొసలో, కోసిన తాళం కొక్కెంలో, డ్రిల్ వేసిన బీరువా తలుపులో కూడా ఇలాంటివి ఉంటాయి. ముందుగా కనబడేవి వెడల్పు, మందం, మొన ఆకారం. ఇవి ఆ రకం పనిముట్లన్నిటికీ ఉండే లక్షణాలు. ఇవి చూసి ఫలానా పనిముట్టే అని చెప్పలేం. ఫలానాది కాదని మాత్రం ధైర్యంగా చెప్పొచ్చు. గాటు అడుగున నొక్కు 8 మిల్లీమీటర్ల వెడల్పుతో శుభ్రంగా పడి ఉంటే, 25 మిల్లీమీటర్ల గడ్డపార తెచ్చి చూపించే కేసు అక్కడే ఆగిపోవాలి.

ఆ తర్వాతి మెట్టు మరీ సన్నం. కొత్తగా కొన్న స్క్రూడ్రైవర్ మొన మీద సాన పట్టిన గీతలుంటాయి. వాడేకొద్దీ అరుగుతుంది, కింద పడి ఒక మూల విరుగుతుంది, రాయి మీద రుద్దితే కొత్త గీతలు పడతాయి. ఈ దెబ్బలన్నీ కలిసి ఆ మొనకు తనదైన ఒక రూపం ఇస్తాయి. ల్యాబ్‌లో సీసపు రేకు మీద ఆ పనిముట్టుతో రకరకాల కోణాల్లో గీసి, నేరస్థలంలోంచి తెచ్చిన అచ్చునూ ఈ రేకునూ కంపారిజన్ మైక్రోస్కోప్ కింద పక్కపక్కన పెట్టి చూస్తారు. సీసం ఎందుకంటే అది మెత్తన, మొనను పాడుచెయ్యదు. కోణాలు మార్చడం ఎందుకంటే, ఒకే స్క్రూడ్రైవర్ వాలుగా పట్టినప్పుడు ఒకలా, నిలువుగా పట్టినప్పుడు ఇంకోలా గీస్తుంది.

ఒక చిక్కు కూడా ఉంది. జలంధర్, లుధియానాల్లో పెద్ద ఎత్తున తయారయ్యే చేతి పనిముట్లలో, ఒకే డై (లోహపు మూస) నుంచి వరసగా వచ్చిన వాటి మీద ఆ డైకి ఉన్న లోపాలన్నీ అలాగే దిగవచ్చు. అప్పుడు రెండు వేర్వేరు స్క్రూడ్రైవర్లు చాలామటుకు ఒకేలా గీస్తాయి. తయారీలో వచ్చిన గీత ఏది, వాడకంలో వచ్చింది ఏది అని విడదీయగలిగినవాడే ఈ పనిలో నిపుణుడు.

మా పిన్ని వాళ్లింట్లో దొంగలు పడ్డప్పుడు ఇదంతా దగ్గర్నుంచి చూశాను. వాళ్లు పెళ్లికి వెళ్లారు. తెల్లారి పక్కింటివాళ్లు ఫోన్ చేస్తే నేనూ వెళ్లాను. పాత పెంకుటిల్లు, టేకు ద్వారబంధం. తాళం తియ్యలేదు, దాని జోలికే పోలేదు. గొళ్లెం పక్కన పట్టీ కింద మొన దూర్చి పైకి లేపారు. నేను ఫోన్ టార్చ్ పక్కకు వాల్చి పట్టుకుని చూశాను. ఎదురుగా వెలుతురు పడ్డప్పుడు అది ఒట్టి గుంటలా ఉంది. పక్కనుంచి పడేసరికి గుంట అడుగున మొన అంచు తీరుగా కనబడింది. ఎడమ మూల పదునుగా ఉంది, కుడి మూల లేదు. అక్కడ చిన్న ముక్క విరిగిపోయిన పనిముట్టు అయ్యుండాలి. గుంట పైన రంగు పొరలుగా ఊడింది: పైన చాక్లెట్ రంగు, కింద ఆకుపచ్చ, ఆ కింద ఎప్పటిదో గోధుమ రంగు. పండగ పండక్కీ మా బాబాయి వేయించిన రంగులన్నీ ఆ అంచున వరసగా ఉన్నాయి.

ఈ పొరల వరస చాలా విలువైనది. చాక్లెట్ రంగు తలుపులు ఊళ్లో బోలెడుంటాయి. చాక్లెట్, ఆకుపచ్చ, గోధుమ ఇదే వరసలో, ఇదే మందంలో ఉన్న తలుపులు ఎన్నుంటాయి? రాడ్ మొనకు అంటిన రంగు రేణువులో ఆ మూడు పొరలూ కనిపిస్తే, గాటు చెప్పేదానికి అదనంగా ఇంకో సాక్ష్యం దొరికినట్టే.

క్లూస్ టీం వచ్చింది. బీరువా మీద పౌడర్ చల్లి వేలిముద్రలు వెతికారు. మసకగా ఉన్నాయన్నారు. ద్వారబంధాన్ని దూరం నుంచి ఒక ఫొటో తీశారు, పక్కన స్కేలు పెట్టలేదు. అచ్చు తియ్యరా సార్ అని అడిగితే ఎస్సై గారు నా వైపు కాకుండా పిన్ని వైపు తిరిగి, "ముందు పోయిన వస్తువుల లిస్టు రాయండమ్మా, అదే ముఖ్యం" అన్నారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన పై అధికారులు అడిగేది రికవరీ ఎంత అనే. గాటు గురించి ఆయన్ని అడిగేవాళ్లెవరూ లేరు. ఆ సాయంత్రమే వడ్రంగి వచ్చి, గుంట ఉన్న చోటు చెక్కేసి కొత్త ముక్క అతికించాడు. "రాత్రికి తలుపు పడాలి కదా నాన్నా, బంగారం పోతే పోయింది, మనుషులం ఉన్నాం ఇంట్లో" అంది పిన్ని. ఆ మాటకు ఎవరేం చెప్పగలరు?

తర్వాత ఆ కేసులో కూడా ఒక రాడ్ దొరికింది. దాని మూలలు రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఆ సంగతి నేను కోర్టులో చెప్పినా చెల్లదు, ఎందుకంటే విరిగిన మూల ఉన్నట్టు ఏ కాగితమూ చెప్పదు.

అచ్చు తియ్యడం పెద్ద ఖర్చూ కాదు, బ్రహ్మవిద్యా కాదు. ముందు గది కనబడేలా ఒక ఫొటో, తలుపు కనబడేలా ఒకటి, గాటుకు సరిగ్గా ఎదురుగా కెమెరా పెట్టి స్కేలుతో ఒకటి. తర్వాత లైటును అటూ ఇటూ వాల్చి మరికొన్ని. దగ్గర్లో రాలిన రంగు, చెక్క పొట్టు ముందే ఏరి మడత పెట్టిన కాగితంలో కట్టాలి, ఎందుకంటే అచ్చు పోశాక అవి దానికే అంటుకుపోతాయి. ఆ తర్వాతే సిలికాన్ పేస్టు కలిపి గాటులో నింపుతారు. కాసేపటికి అది రబ్బరులా గట్టిపడి లోపలి గీతలతో సహా ఊడి వస్తుంది. వీలుంటే అచ్చుకన్నా అసలు ముక్కే మంచిది: గొళ్లెం, తాళం, కోసిన గ్రిల్ ఊచ. గాటు పక్కనే పాడుకాని చోట నుంచి రంగు నమూనా కూడా, చెక్క దాకా అన్ని పొరలూ వచ్చేలా తీసుకోవాలి.

ఇక అస్సలు చెయ్యకూడని పని ఒకటుంది. దొరికిన రాడ్‌ను తెచ్చి గాటులో పెట్టి చూడటం. "సరిగ్గా సరిపోయింది సార్" అనిపించుకోవాలని చాలామందికి చేతులు దురద పెడతాయి. అలా పెట్టిన క్షణంలో తలుపు రంగు రాడ్‌కి అంటుతుంది, రాడ్ గీతలు తలుపు మీద పడతాయి. ఆ తర్వాత ఆ రెండిటి మీద దొరికే ఏ పోలికకూ అర్థం లేదు.

1910లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో పోలీసు ల్యాబ్ పెట్టిన ఎడ్మండ్ లొకార్డ్ పేరు చెప్పని ఫోరెన్సిక్ పాఠం ఉండదు. తాకిన ప్రతిచోటా ఏదో ఒకటి వదులుతాం, ఏదో ఒకటి అంటించుకుని వెళ్తాం అన్న సూత్రం ఆయనదే. ఈ సూత్రం దొంగకు ఎంత వర్తిస్తుందో ఎస్సైకి, కానిస్టేబుల్‌కి, మధ్యవర్తులుగా వచ్చిన ఇద్దరు ఊరివాళ్లకూ అంతే వర్తిస్తుంది. కిటికీ అద్దం పగలగొట్టిన కేసు తీసుకోండి. అద్దం పగిలినప్పుడు ముక్కలన్నీ లోపలికే పడవు. కంటికి ఆనని పొడి కొంత వెనక్కి ఎగిరి, కొట్టినవాడి చొక్కా మీద, జుట్టులో పడుతుంది. అందులో చాలాభాగం కొద్ది గంటల్లోనే రాలిపోతుంది. మిగిలిన రేణువుల వక్రీభవన గుణకం, అంటే అవి కాంతిని ఎంత వంచుతాయన్నది కొలిచి, కిటికీ అద్దంతో పోల్చవచ్చు. మంచి సాక్ష్యమే. కానీ పొద్దున పగిలిన అద్దాల మీద నడిచిన అధికారే సాయంత్రం నిందితుణ్ణి పట్టుకుని, అదే జీపులో కూర్చోబెట్టి, అదే బల్ల మీద చొక్కా విప్పించి ప్యాక్ చేస్తే? అప్పుడు ఆ పొడి ఎక్కడి నుంచి వచ్చినట్టు? బట్టలను ఎవరు, ఎక్కడ, ఎప్పుడు కాగితం కవర్లో పెట్టారన్నది అందుకే నేను క్రాస్ ఎగ్జామినేషన్‌లో పదేపదే అడుగుతాను. ప్లాస్టిక్ కవర్ అని సమాధానం వస్తే, తడి బట్టలు బూజు పట్టలేదా అని ఇంకో ప్రశ్న అడుగుతాను.

గాటు ముందు, పనిముట్టు తర్వాత అనే వరసకు నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ అమెరికాది. 1932 మార్చి 1న న్యూజెర్సీలో విమాన వీరుడు లిండ్‌బర్గ్ పసిబిడ్డను ఎత్తుకుపోయారు. కిటికీ దగ్గర ఇంట్లో చేసిన చెక్క నిచ్చెన దొరికింది. విస్కాన్సిన్‌లోని ప్రభుత్వ అటవీ ఉత్పత్తుల ల్యాబ్‌లో పనిచేసే కలప నిపుణుడు ఆర్థర్ కోలర్ దాన్ని విడదీసి పరిశీలించాడు. నిచ్చెన నిలువు కర్రల్లో కొన్నిటి మీద మిల్లులో చిత్రిక పట్టిన యంత్రం గుర్తులున్నాయి. వెడల్పు వైపు తిప్పే చక్రానికి ఎనిమిది బ్లేడ్లు, అంచు వైపు చక్రానికి ఆరు ఉన్నాయని ఆ గుర్తుల మధ్య ఎడం కొలిచి తేల్చాడు. ఒక బ్లేడుకు లోపం ఉందని కూడా కనిపెట్టాడు, ఎందుకంటే అదే గీత ఒకే దూరంలో మళ్లీ మళ్లీ వచ్చింది. 1500కు పైగా మిల్లులకు ఉత్తరాలు రాయించాడు. చివరికి దక్షిణ కరొలినాలోని మెకార్మిక్ ఊళ్లో ఉన్న డోర్న్ మిల్లు తేలింది. అక్కడి నుంచి వెళ్లిన లోడ్లన్నీ ఒక్కొక్కటే వెతుక్కుంటూ పోయి, 1933 నవంబరులో న్యూయార్క్ బ్రాంక్స్‌లోని ఒక కలప అడితి దగ్గర ఆగాడు.

అప్పటికి అనుమానితుడు ఎవరూ లేరు. కోలర్ ముందు ఉన్నవి నిచ్చెన, భూతద్దం, కొలబద్ద. బ్రూనో హాప్ట్‌మన్ అనే వడ్రంగి దొరికింది 1934 సెప్టెంబరులో, అదీ బిడ్డను విడిపించడానికి ఇచ్చిన నోట్ల నంబర్ల వల్ల. చూస్తే అతను బ్రాంక్స్ మనిషే, ఆ అడితిలోనే పనిచేశాడు, అక్కడే కలప కొన్నాడు. అరెస్టుకు పది నెలల ముందే రాసి ఉన్న మాట కాబట్టి, అతన్ని ఇరికించడానికి తర్వాత అల్లారని అనడానికి వీల్లేదు. అదే కేసులో ఇంకో సాక్ష్యం ఉంది. నిచ్చెనలోని 16వ నంబరు కర్ర, హాప్ట్‌మన్ ఇంటి అటక నేల పలకలోంచి కోసిందేనని కోలర్ చెప్పాడు. కలప సంవత్సర వలయాలు, మేకుల రంధ్రాలు కలిశాయన్నాడు. అటక పలక పోలీసుల చేతికి దొరికింది అరెస్టు తర్వాత. హాప్ట్‌మన్‌కు 1936లో మరణశిక్ష అమలైంది, ఈనాటికీ ఆ కేసును తవ్వేవాళ్లు ఎక్కువగా తగులుకునేది ఆ 16వ కర్రనే. కోలర్ అక్కడ తప్పు చేశాడని నేను అనడం లేదు. ఒకే నిపుణుడు, ఒకే నిచ్చెన. ముందు రాసిన దాన్ని జనం నమ్మారు, తర్వాత కలిసిన దాన్ని అనుమానించారు. ఆ అనుమానంలో న్యాయం ఉంది.

ఎందుకంటే కన్ను తనకు కావలసింది చూస్తుంది. 2004 మార్చి 11 నాటి మాడ్రిడ్ రైలు పేలుళ్ల కేసులో, డిటొనేటర్లున్న సంచి మీది వేలిముద్ర అమెరికాలో ఒరెగాన్‌లోని ఒక లాయర్‌దేనని అక్కడి ఎఫ్‌బీఐ నిపుణులు నూటికి నూరు శాతం అన్నారు. స్పెయిన్ పోలీసులు కాదన్నా వినలేదు. చివరికి ఆ ముద్ర వేరే మనిషిదని స్పెయిన్ వాళ్లు తేల్చాక ఎఫ్‌బీఐ క్షమాపణ చెప్పింది, అమెరికా ప్రభుత్వం ఆ లాయర్‌కు రెండు మిలియన్ డాలర్లు ఇచ్చింది. ఆ తర్వాత ఇటియల్ డ్రోర్ అనే పరిశోధకుడు అయిదుగురు వేలిముద్ర నిపుణులకు, వాళ్లే ఒకప్పుడు కలిశాయని తేల్చిన ముద్రలను, ఇది ఆ మాడ్రిడ్ కేసులో తప్పు పోయిన జత అని చెప్పి ఇచ్చాడు. నలుగురు తమ పాత అభిప్రాయం మార్చుకున్నారు. ముద్రలు మారలేదు, చెప్పిన కథ మారింది. వేలిముద్రల పరిస్థితే ఇలా ఉంటే, కొలతల మీద కన్నా నిపుణుడి అనుభవం మీద ఎక్కువ ఆధారపడే టూల్ మార్కుల (పనిముట్టు గుర్తుల) సంగతి చెప్పాలా? 2009లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ నివేదిక ఇదే ఎత్తి చూపింది. ఎంత పోలిక ఉంటే కలిసినట్టు లెక్క, తప్పు పోయే అవకాశం ఎంత అనే దానికి గట్టి గణాంక పునాది లేదంది. కొందరు దీన్ని పట్టుకుని టూల్ మార్కులే వద్దంటారు. నేను ఒప్పుకోను. నిపుణుడి ముందు ముందుగా గాటు అచ్చు ఒక్కటే పెట్టండి, అందులో ఏమేం కనబడుతున్నాయో రాయించండి, ఆ కాగితం మీద సంతకం అయ్యాక రాడ్ ఇవ్వండి. నిందితుడు ఒప్పుకున్నాడన్న సంగతి ఆయనకు చెప్పకండి. అది గాటు చదవడానికి ఏ విధంగానూ పనికిరాదు.

మన దగ్గర జరిగేది దీనికి తలకిందులు. స్టేషన్ నుంచి ల్యాబ్‌కు వెళ్లే లెటర్ ఆఫ్ అడ్వైస్ అనే ఉత్తరంలో కేసు కథంతా, నిందితుడి ఒప్పుకోలుతో సహా ఉంటుంది. రాడ్, తలుపు ముక్క ఒకే మూటలో వెళ్తాయి.

మూటలూ చీటీలూ ఎంత పని చేస్తాయో 2008 నోయిడా జంట హత్యల కేసు చూసినవాళ్లకు తెలుసు. డెంటిస్టు దంపతుల కూతురు ఆరుషి, వాళ్లింట్లో పనిచేసే హేమరాజ్ హత్యకు గురైన కేసు అది. మొదటి రోజు ఇంట్లో ఊరంతా తిరిగారు. డాబా మీదున్న రెండో శవం మర్నాటికి గానీ బయటపడలేదు. ఆయుధం ఒక దశలో కుక్రీ అన్నారు, దర్యాప్తు బృందం మారాక గోల్ఫ్ క్లబ్ అన్నారు. గాయాలు మారలేదు. అనుమానం ఎటు తిరిగితే పనిముట్టు అటు తిరిగింది. ఈ కేసులో మన హైదరాబాద్ ప్రస్తావన కూడా ఉంది. ఇక్కడి డీఎన్ఏ ల్యాబ్ సీడీఎఫ్‌డీ 2008లో ఇచ్చిన రిపోర్టు ప్రకారం, ఆరుషి తండ్రి దగ్గర క్లినిక్‌లో పనిచేసే ఒకతని గదిలోంచి తెచ్చిన దిండు గలీబు మీద చనిపోయిన హేమరాజ్ డీఎన్ఏ ఉంది. అదే నిజమైతే కేసు మొత్తం వేరే దారిలో వెళ్లాలి. 2011లో అది టైపింగ్ పొరపాటనీ, రెండు గలీబుల వివరాలు తారుమారయ్యాయనీ వివరణ వచ్చింది. కోట్లు ఖరీదు చేసే యంత్రాలు ఉన్న ల్యాబ్ నుంచి వచ్చిన ఫలితం చివరికి ఒక చీటీ దగ్గర ఇరుక్కుంది. 2017 అక్టోబరులో అలహాబాద్ హైకోర్టు, ఈ కేసులో నిందితులైన ఆరుషి తల్లిదండ్రులను నిర్దోషులుగా వదిలేసింది.

పాత సీఆర్‌పీసీ స్థానంలో 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్ఎస్ఎస్‌లో 176(3) సెక్షన్ నాకు చాలా ఆశ కలిగించింది. ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు నేరస్థలానికి వెళ్లి తీరాలి, ఆధారాలు సేకరించాలి, అదంతా వీడియో తియ్యాలి. దీన్ని రాష్ట్రాలు అమల్లో పెట్టడానికి అయిదేళ్ల గడువుంది. హత్యలూ అత్యాచారాలే ఇందులోకి వస్తాయని చాలామంది అనుకుంటారు. ఇంట్లో దొంగతనానికి, ఐపీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ 305 కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. అంటే మా పిన్ని ద్వారబంధం కూడా ఈ లెక్కలోకి వస్తుంది. ఇక ల్యాబ్ రిపోర్టు సంగతి. పాత సీఆర్‌పీసీ 293, ఇప్పటి బీఎన్ఎస్ఎస్ 329 సెక్షన్ ప్రకారం ప్రభుత్వ నిపుణుడు కోర్టుకు రాకుండానే ఆయన రిపోర్టు సాక్ష్యంగా చెల్లుతుంది. దాంతో "పై రాడ్‌తో ఈ గుర్తు పడి ఉండవచ్చు" అనే ఒక్క వాక్యంతో రిపోర్టులు వస్తున్నాయి. ఎన్ని గీతలు కలిశాయి, ఏవి కలవలేదు, ఫొటోలేవి? కోర్టు పిలిపించవచ్చు, లాయర్లం అడగాలి. మాలో అడిగేవాళ్లు తక్కువ. కలవలేదు అని వచ్చిన రిపోర్టు ఛార్జిషీటులో చేరకుండా ఫైల్లోనే ఉండిపోవడం ఇంకా అన్యాయం.

ఇప్పుడు సీసీ కెమెరాలు, సెల్ టవర్ లెక్కలు ఉండగా ఈ చెక్క పొట్టు ఎవరికి కావాలి అంటారు. దొంగలు మంకీ క్యాప్ వేసుకుని వస్తున్నారు, పోతూ పోతూ కెమెరా రికార్డింగ్ ఉండే డీవీఆర్ పెట్టె ఎత్తుకుపోతున్నారు, ఫోన్ ఇంట్లో పెట్టి వస్తున్నారు. చేతికి గ్లవుజు వేసుకుంటే వేలిముద్ర దొరకదు. రాడ్‌కి గ్లవుజు వేస్తే తలుపు తెరుచుకోదు. పైగా అదే విరిగిన మూల గాటు ఒక స్టేషన్ పరిధిలో రెండు ఇళ్లలో, పక్క జిల్లాలో ఇంకో ఇంట్లో కనబడితే, మనిషి ఎవరో తెలియక ముందే ఇవన్నీ ఒక ముఠా పని అని తెలిసిపోతుంది. అచ్చులన్నీ హైదరాబాద్ రెడ్ హిల్స్‌లోని ఫోరెన్సిక్ ల్యాబ్ (ఎఫ్ఎస్ఎల్)లోనో జిల్లా ల్యాబ్‌లోనో ఒకచోట చేరి, వచ్చిన ప్రతి కొత్త అచ్చునూ పాతవాటితో పోల్చే పద్ధతి ఉంటేనే అది సాధ్యం. అసలు దొంగలు ఎక్కువమంది దొరుకుతారని నేను మొదట్లో అన్నది దీన్ని దృష్టిలో పెట్టుకునే.

మీ ఇంట్లో ఇలాంటిది జరిగితే, ఊడ్చొద్దు. పెళ్లగించిన చోట స్కేలు పక్కన పెట్టి, ఎదురుగా ఒకటి, టార్చ్ వాల్చి నాలుగు ఫొటోలు తీసుకోండి. ఫిర్యాదులోనే "ద్వారబంధం మీద పనిముట్టు గుర్తు ఉంది, దాన్ని సేకరించమని కోరుతున్నాను" అని ఒక వాక్యం రాయండి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇస్తారు, అందులో ఆ వాక్యం వచ్చిందో లేదో చూసుకోండి. రాత్రికి తలుపు పడాల్సిందే కాబట్టి, లోపలి వైపు ఒక తాత్కాలిక గడియ బిగించమని వడ్రంగికి చెప్పండి. గాటు ఉన్న చెక్కను మాత్రం ముట్టుకోనివ్వకండి. క్లూస్ టీం వాళ్లు ఆ ముక్కను కోసి తీసుకెళ్తామంటే ఒప్పుకోండి, రంపం కోసిన అంచుల మీద పెన్నుతో గుర్తు పెట్టమని మాత్రం అడగండి. లేకపోతే ల్యాబ్‌లో ఆ కోత కూడా దొంగ చేసినదే అనుకునే ప్రమాదం ఉంది.